టెక్ సందేహాలు: క్రిస్మస్ ఖర్చుల లెక్కకు ఏ యాప్?

సందేహం: మాది చిత్తూరు. నిరుడు క్రిస్మస్ ఖర్చు 25 వేలు దాటకూడదని అనుకున్నాం. నేను, మావారు యూపీఐతో కొంటాం. మా అత్తగారు నోట్లతోనే కొంటారు. తిరుపతి హాస్టల్లో ఉన్న అబ్బాయికి అడిగినప్పుడల్లా పంపుతాం. చివరికి ఎంతయిందో ఎవరికీ తెలియలేదు. ఎస్ఎంఎస్‌లు చదివి లెక్క తానే రాసుకునే యాప్ వేసుకోమంటున్నారు. వేసుకోవచ్చా?

జవాబు: వద్దనే చెబుతాను. ఎస్ఎంఎస్ అనుమతి ఒకసారి ఇచ్చాక, బ్యాంకు సందేశాలతో పాటు ఓటీపీలు కూడా ఆ యాప్ కంటపడతాయి. పోనీ ఆ యాప్ నమ్మదగినదే అనుకున్నా, మీ ఇంటి లెక్క దానికి అందదు. కిరాణా కొట్టులో 1,840 రూపాయలు చెల్లించారని దానికి తెలుస్తుంది గానీ, అందులో నిప్పట్లకు, కజ్జికాయలకు తెచ్చిన పిండి, నూనె ఎంత, నెలవారీ సరుకులు ఎంత అన్నది తెలియదు. ఏటీఎంలో తీసి అత్తగారి చేతికిచ్చిన 5,000 రూపాయలు ఏ పద్దు కింద పోయాయో అసలే తెలియదు.

మీకు సరిపోయేది గూగుల్ షీట్స్. అది గళ్ల పట్టికలో లెక్కలు రాసుకునే యాప్, ఉచితం, ఒకే షీట్‌ను మీరు, మీవారు, అబ్బాయి ముగ్గురూ తమ తమ ఫోన్లలో తెరిచి రాయవచ్చు. షేర్ చేసేటప్పుడు 'ఎడిటర్' అని ఎంచుకోండి, 'వ్యూయర్' అయితే చూడటమే తప్ప రాయడం కుదరదు. తేదీ, ఎవరు, పద్దు, వివరం, మొత్తం అని ఐదు నిలువు వరుసలు చాలు. పద్దు గడికి డ్రాప్‌డౌన్ పెట్టి బట్టలు, పిండివంటలు, కేకు, స్టార్లు-అలంకరణ, చర్చి కానుక, ప్రయాణం అని ముందే ఇచ్చేయండి. లేకపోతే ఒకరు 'బట్టలు' అని, ఇంకొకరు 'డ్రెస్సులు' అని రాసి కూడిక చెడగొడతారు. పక్క షీట్‌లో ఒక్కో పద్దుకు అనుకున్న మొత్తం రాసి, దాని ఎదుట సమ్‌ఇఫ్ (SUMIF) ఫార్ములా పెట్టండి. ఏ వరుసలో వెదకాలి, ఏ పద్దు పేరు వెదకాలి, ఏ వరుసలోని అంకెలు కూడాలి అన్న మూడు సంగతులు చెబితే, అప్పటివరకు అయిన ఖర్చు అది చూపిస్తుంది. ఆ పద్దులో ఇంకెంత మిగిలిందో తీసివేసి చూపే గడి ఒకటి ఉంటే మరీ మంచిది. కొట్టులో నిలబడి చూసుకోవలసింది ఆ అంకెనే.

ఈ లెక్క నవంబరులోనే మొదలుపెట్టండి. వేలూరు వెళ్లి నవంబరులో చీర కొంటారు, రవిక కుట్టుకూలి, లైనింగు, ఫాల్ డబ్బులు డిసెంబరు మూడో వారంలో ఇస్తారు. రెండింటికీ మధ్య నెల గడిచిపోవడం వల్ల చీర ధరే మనసులో ఉండిపోతుంది, మిగిలినవి లెక్కలోకి రావు. అందుకే చీర కొన్న రోజే కుట్టుకూలిని కూడా ఒక అంచనాతో రాసి, తరువాత సరిదిద్దుకోండి. వాయిదాల మీద ఏదైనా కొంటే పూర్తి ధర కొన్న తేదీనే రాయాలి. ఏటీఎంలో తీసిన డబ్బును మాత్రం ఖర్చుగా రాయకండి. తీసినప్పుడు ఒకసారి, ఖర్చయినప్పుడు మరొకసారి పడి లెక్క రెట్టింపవుతుంది. అత్తగారిని ఫోన్‌తో ఇబ్బంది పెట్టనక్కరలేదు. ఆమె తన చిట్టా పుస్తకంలో రాసుకుంటే, రాత్రి భోజనాలయ్యాక మీరు షీట్‌లోకి ఎక్కించండి. నా అనుభవంలో ఆ పుస్తకాలే ఫోన్ల కన్నా నిక్కచ్చిగా ఉంటాయి.

అబ్బాయి విషయంలో 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ పనికొస్తుంది. మీ ఖాతా నుంచి అతడు నేరుగా చెల్లించవచ్చు. పూర్తి అధికారం ఇస్తే నెలకు 15,000 రూపాయలు, ఒక్కో చెల్లింపుకు 5,000 రూపాయలు గరిష్ఠ పరిమితి. అంతకన్నా తక్కువ మీరే పెట్టుకోవచ్చు. పాక్షిక అధికారమైతే ప్రతి చెల్లింపుకూ మీ పిన్ కావాలి. ఆయా చెల్లింపులు మీ ఖాతాలోనే కనిపిస్తాయి కాబట్టి షీట్‌లో రాయడం అతడు మరచినా మీరు పట్టుకోగలరు.

సందేహం: తిరుపతిలో చిన్న చిన్న కొనుగోళ్లకు యూపీఐ లైట్ వాడుతున్నాను. పాస్‌బుక్‌లో అవేవీ లేవు. ఎక్కడ చూడాలి?

జవాబు: యూపీఐ లైట్ అంటే ముందే కొంత డబ్బు నింపుకుని, పిన్ లేకుండా చిన్న మొత్తాలు చెల్లించే పద్ధతి. అందులోకి డబ్బు నింపినప్పుడు మాత్రమే బ్యాంకు ఖాతాలో ఒక పద్దు పడుతుంది. విడివిడి చెల్లింపులు మీ యూపీఐ యాప్ హిస్టరీలో ఉంటాయి. పండుగ లెక్కకు అక్కడి నుంచే రాసుకోండి; నింపిన మొత్తాన్ని ఖర్చుగా ఎక్కించకండి.