ఆ లెన్స్‌ని ఎవరి నుంచి దాస్తున్నారు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. రెండేళ్లుగా పక్షుల ఫొటోల పిచ్చి పట్టుకుంది. నెలకి రెండు ఆదివారాలు తెల్లవారుజామునే అమీన్‌పూర్ చెరువుకి వెళ్తాను. నాన్నకి మాత్రం ఆఫీసులో రిలీజ్ ఉందని చెప్తాను. 62 వేలు పెట్టి కొన్న సెకండ్‌హ్యాండ్ లెన్స్ చందానగర్‌లో ఫ్రెండ్ రూములో ఉంది. నా జీతం ఖాతా మొదటి నుంచీ నాన్నే చూసుకుంటారు, అందుకని నా భార్య కార్డు మీద ఈఎంఐ పెట్టాం. రాత్రి 11 దాకా అమెరికా కాల్స్, ఇటు ఈ వ్యాపకం. రెంటినీ బ్యాలెన్స్ చేయలేక టెన్షన్‌గా ఉంది. పని తక్కువుండే కంపెనీకి మారమంటారా?

జవాబు: అక్కర్లేదు. నెలలో రెండు పూటలు చెరువు గట్టున నిలబడితే ఎవరి ఉద్యోగమూ పోదు. ఆన్‌కాల్ ఉన్న వారం మానేయండి, లేని వారం వెళ్లండి. మీరడిగినదానికి జవాబు ఇంతే.

అడగనిది చాలా ఉంది. చెరువు దగ్గరున్నప్పుడు మీ నాన్నగారు ఫోన్ చేసి, ‘ఆ అరుపులేంట్రా’ అంటే, కొలీగ్ రింగ్‌టోన్ అన్నానని సరదాగా రాశారు. చదివి నేనూ నవ్వాను. ఆ కింది వాక్యం దగ్గర నవ్వు ఆగిపోయింది. మీరు వెళ్లాక ఆయన అడిగితే మీ ఆవిడ పొయ్యి వైపు తిరిగి, ‘రిలీజ్ ఉందంట మావయ్యా’ అంటుందట. ఆవిడకేం పట్టింది? ఈఎంఐ ఆవిడ కార్డు మీద, అబద్ధం ఆవిడ నోటి మీద. రేపు బయటపడితే ‘కోడలు వచ్చాకే వీడిలా తయారయ్యాడు’ అనే మాట కూడా ఆవిడకే వస్తుంది. మీకు రాదు.

మీ నాన్నగారు అరవై సెంట్లు అమ్మి మిమ్మల్ని బీటెక్ చదివించారు. ఆ రుణం చిన్నది కాదు. మొదటి జీతం ఆయన చేతిలో పెట్టారు, బాగుంది. పదకొండేళ్ల తర్వాత కూడా జీతం పడిన మెసేజ్ ఆయన ఫోనుకే వెళ్తోందంటే మాత్రం నాకు బాగోలేదు. కన్నవాళ్లకి నెలనెలా ఇవ్వడం కొడుకు చేయాల్సిన పని. వాళ్ల దగ్గర అడిగి పుచ్చుకోవడం ఇంటర్ కుర్రాడి పని. పెళ్లాం, బిడ్డ ఉన్న మనిషి పదో తరగతిలో సిగరెట్ దాచినట్టు లెన్స్ దాచుకుంటుంటే, దాన్ని తండ్రి మీద గౌరవం అని నేనైతే అనను. భయం అంటాను. పైగా ఇందులో ఆయన తప్పు ఎంతో నాకు తెలీదు. ఆయనకి కాదనే అవకాశమైనా మీరు ఇవ్వలేదుగా!

గుంటూరు పక్కన ఉప్పలపాడు తీసుకెళ్లి గూడబాతుల్ని చూపిస్తే నాన్నగారి మనసు కరుగుతుందని మీ ఫ్రెండ్ అన్నాడట. అలాంటివి సినిమాల్లో జరుగుతాయి. ఆ ఊరివాళ్లు చెరువులో పక్షుల్ని ఇంటి మనుషుల్లా కాపాడుకుంటారు, తప్పకుండా చూడాల్సిన చోటే. కానీ డబ్బు సంగతి తేల్చకుండా ఆయన్ని పక్షుల దగ్గరికి తిప్పడం మరో దొంగాట.

ముందు మీ ఆవిడకి సారీ చెప్పండి, ఆ ఈఎంఐ మీ ఖాతాకి మార్చుకోండి. తర్వాత ఆయన కాఫీ తాగి పేపరు పట్టుకునే వేళ చూసి ఎదురుగా కూర్చోండి. ‘నాన్నా, ఇక నుంచి ఖాతా నేను చూసుకుంటాను, మీకు నెలకి ఇంత పంపుతాను’ అని అంకెతో సహా చెప్పండి. ఆ అంకె దగ్గర పిసినారితనం వద్దు. ఆయన అలగొచ్చు, రెండ్రోజులు అన్నం దగ్గర మాట్లాడకపోవచ్చు. మీరు గొంతు పెంచకండి, మాట కూడా మార్చకండి. మధ్యలో మీ ఆవిడని సాక్ష్యానికి పిలవకండి.

ఆ లెన్స్‌ని ఈ శనివారమే ఇంటికి తెచ్చేయండి. వానాకాలంలో గాలాడని బీరువాలో ఉంచితే అద్దానికి బూజు పడుతుంది.