లివర్ వదిలినా ముందు బ్రేక్ పట్టేసే ఉంటుంది, ఎందుకు?

బైక్ నడిచేకొద్దీ డిస్క్ బ్రేక్ బిగుసుకుంటూ, చల్లారాక వదులైతే, మొదట అనుమానించాల్సింది మాస్టర్ సిలిండర్‌లో (హ్యాండిల్ మీద లివర్ నొక్కితే ఆయిల్‌ను బ్రేక్‌కు నెట్టే భాగం) మూసుకుపోయిన చిన్న రిటర్న్ రంధ్రాన్ని. ఆయిల్ డబ్బా అడుగున ఉండే ఇది సూది మొనంత సన్నం. లివర్ వదిలాక ఆయిల్ ఇందులోంచే డబ్బాలోకి తిరిగి రావాలి. పాత ఆయిల్ తేమ పీల్చుకుని మడ్డి కడితే దారి మూసుకుపోతుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్ ప్యాడ్లను డిస్క్‌కే నొక్కి ఉంచుతుంది.

ఎండలో హనుమకొండ నుంచి కరీంనగర్ బయల్దేరితే హసన్‌పర్తి దాకా బాగానే ఉంటుంది, హుజూరాబాద్ వచ్చేసరికి బండి లాగదు. అప్పుడు మాస్టర్ సిలిండర్ దగ్గరి పైపు బోల్టు కాస్త వదులు చేయండి, కింద బట్ట తప్పనిసరి, ఆయిల్ పడితే రంగు లేస్తుంది. చక్రం వెంటనే తిరిగితే దోషం సిలిండర్‌దే. లేదంటే పైపు, కాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) చూడాలి.

ప్యాడ్లు మారిస్తే పోతుందనుకుంటారు, పోదు. ఇంకా ప్రమాదం పెట్రోల్‌తో కడగడం: రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకే పోవచ్చు. సిలిండర్ విప్పి, బ్రేక్ క్లీనర్‌తో కడిగి, సన్నని రాగి తీగ పోగుతో రంధ్రం తెరిచి, మూత మీద రాసిన రకం కొత్త ఆయిల్ పోసి, బ్రేక్ పైపులోని గాలి పూర్తిగా తీయాలి.