నారు తింటున్నది లద్దెపురుగు కాదు, స్లగ్

ప్రశ్న: పెరట్లో క్యాబేజీ నారు, పాలకూర, బంతి వేశాను. రాత్రికి రాత్రే ఆకులకు పెద్ద పెద్ద రంధ్రాలు పడుతున్నాయి. లేత నారు మొదలంటా మాయమవుతోంది. లద్దెపురుగు అని మందుల షాపులో ప్రొఫెనోఫాస్ ఇచ్చారు, తగ్గకపోతే ఎమామెక్టిన్ బెంజోయేట్ కొట్టమన్నారు. రెండూ కొట్టాను, ఫలితం లేదు. పొద్దున్నే మట్టి మీద, ఆకుల మీద జిగురు ఎండినట్టు మెరిసే చారలు కనిపిస్తున్నాయి. డోసు పెంచమంటారా? ఉప్పు చల్లితే పోతుందంటున్నారు, నిజమేనా? కోళ్లను వదలవచ్చా?

జవాబు: డోసు పెంచకండి. అసలు ఆ రెండు మందులూ ఇక ముట్టుకోకండి. మీ సమస్య లద్దెపురుగు కాదు. ఆ సంగతి మీ ప్రశ్నలోనే ఉంది. మెరిసే చారలు స్లగ్ పాకిన గుర్తులు. అది గుల్ల లేని నత్త. లద్దెపురుగైతే ఆకు మీదో మొవ్వులోనో నల్లటి, ఆకుపచ్చటి రెట్ట గుళికలు ఉండేవి. నమ్మకం కుదరకపోతే చీకటి పడిన రెండు గంటలకు టార్చి పట్టుకుని ఆకుల అడుగున, కుండీల కింద చూడండి. బూడిద రంగులోనో గోధుమ రంగులోనో మెత్తగా, తలమీద రెండు జతల కొమ్ములతో కనిపిస్తుంది. ముట్టుకోగానే ముడుచుకుపోతుంది.

స్లగ్ పురుగుల జాతిది కాదు కాబట్టి లద్దెపురుగు మందులు దాన్ని అదుపు చేయవు. నష్టం అక్కడితో ఆగదు. నేల మీద తిరిగే నల్లటి పెంకుపురుగులు రాత్రిపూట స్లగ్‌లను, వాటి గుడ్లను తింటాయి. మీరు కొట్టిన మందుకు ముందు పోయేది అవే. అమెరికాలో సోయాచిక్కుడు విత్తనానికి థయామిథాక్సామ్ అనే పురుగుమందు పట్టించి చూసిన ఒక పరిశోధన 2015లో వెలువడింది. మందు పట్టిన మొక్కలు తిన్న స్లగ్‌లు బాగానే ఉన్నాయి, ఆ స్లగ్‌లను తిన్న పెంకుపురుగుల్లో సగానికి పైగా దెబ్బతిన్నాయి లేదా చచ్చాయి. స్లగ్‌లు పెరిగి, దిగుబడి 5 శాతం తగ్గింది. తెగులేదో పురుగేదో చూడకుండా, ఆకుకు రంధ్రం అనగానే డబ్బా చేతిలో పెట్టే షాపువాళ్లకు ఇవేవీ పట్టవు. ఆకు తీసుకెళ్లి చూపించినా, ‘రాత్రి తింటోందా, పగలు తింటోందా?’ అని ఒక్కరూ అడగరు. ప్రొఫెనోఫాస్ ఆకుకూరల మీద కొట్టే మందు కాదు. పాలకూర మీద పడి ఉంటే ఆ కోత తినకండి, పశువులకు కూడా వేయకండి.

ఉప్పు వద్దు. స్లగ్ చస్తుంది, నిజమే. కానీ ఆ ఉప్పు నేలలోకి దిగి నారు వేళ్లను మాడుస్తుంది. మొక్క చుట్టూ గుడ్డు పెంకుల పొడి, రాగి పట్టీలు వేయమని కూడా చాలామంది చెబుతారు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2018లో లెట్యూస్ అనే సలాడ్ ఆకుకూర మీద ఈ అడ్డుకట్టలను పరీక్షించి, అడ్డు పెట్టిన మొక్కలకూ పెట్టని మొక్కలకూ తేడా లేదని తేల్చింది.

ముందు నీరు పెట్టే వేళ మార్చండి. సాయంత్రం తడిపితే రాత్రంతా నేల తడిగా ఉండి వాటికి దారి సుఖంగా ఉంటుంది. ఉదయమే పెట్టండి, సాయంత్రానికి పైమట్టి ఆరాలి. నారుమడి అంచున ఉన్న కలుపు, పాత పలకలు, ఖాళీ కుండీలు తీసేయండి. వాటి కింద ముత్యాల్లా తెల్లగా, జిగురుగా గుత్తులుగా ఉండేవి గుడ్లు. ఎండలో పరిచేస్తే చాలు. నేల మీద ఆకుల కప్పు (మల్చింగ్) ఉంటే నారు నిలదొక్కుకునేదాకా మొదళ్ల నుంచి జరపండి.

తర్వాత ఏరివేత. సాయంత్రం తడిపిన గోనె సంచులు రెండు మూడు మీటర్లకు ఒకటి చొప్పున పరచండి. కింద క్యాబేజీ పై ఆకులు గానీ బొప్పాయి ఆకు గానీ పెడితే ఇంకా వస్తాయి. ఎండెక్కకముందే సంచులు ఎత్తి, చేతికి తొడుగు వేసుకుని ఏరి, చిక్కటి సబ్బు నీళ్ల బకెట్‌లో వేయండి. వట్టి చేతులతో పట్టుకోకండి, వాటిలో మనిషికి జబ్బు తెచ్చే నులిపురుగులు ఉండవచ్చు. ఆకుకూరలు ఒక్కో ఆకూ విడదీసి కడిగి, బాగా ఉడికించి తినండి. గుడ్లు పొదగడానికి వారాలు పడుతుంది కాబట్టి నాలుగు రోజులు ఏరి మానేస్తే లాభం లేదు. కనీసం నెల రోజులు చేయండి.

ఇంత చేసినా తగ్గకపోతేనే ఎర. ఫెర్రిక్ ఫాస్ఫేట్ గుళికలు దొరికితే అవే తీసుకోండి. చదరపు మీటరుకు 5 గ్రాములు, అంటే సెంటుకు సుమారు 200 గ్రాములు. సాయంత్రం పలచగా చల్లాలి, కుప్పగా పోయకూడదు. తిన్న స్లగ్ మేత మానేసి మూడు నుంచి ఆరు రోజుల్లో ఏ మట్టిలోనో చస్తుంది. శవాలు కనిపించలేదని ఇంకోసారి చల్లకండి, రెండు వారాలు ఆగండి. అది దొరకకపోతే మెటాల్డిహైడ్ 2.5 శాతం గుళికలు ఎకరాకు 2 కిలోలు, సెంటుకు 20 గ్రాములే. మొక్కలకు తగలకుండా వరుసల మధ్య మట్టి మీద వేయండి. వాన వచ్చే రోజు వేస్తే వృథా, తడి తగిలిన స్లగ్ తేరుకుంటుంది. ఈ మెటాల్డిహైడ్ గుళికలను కుక్కలు ఇష్టంగా తింటాయి, తింటే వణుకు, ఫిట్స్ వస్తాయి, విరుగుడు మందు లేదు. అలాంటప్పుడు డబ్బాతో సహా వెంటనే పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తాలి. బ్రిటన్ 2022 నుంచి ఆరుబయట దీని వాడకాన్నే ఆపేసింది. ఇంట్లో కుక్కో చిన్న పిల్లలో ఉంటే నేను సిఫార్సు చేయను.

ఇక కోళ్లు. చిన్న స్లగ్‌లను తింటాయి, దాంతోపాటు మీ నారు కూడా గీరి పెకలిస్తాయి. బాతులు ఇంతకంటే మేలు. వేటినైనా నారు నాటకముందు, ఖాళీ మడిలో వదలండి. మెటాల్డిహైడ్ వేసిన మడిలోకి మాత్రం ఏ పక్షినీ రానివ్వకండి. ప్రొఫెనోఫాస్ కొట్టిన మడిలోకి కూడా ఇప్పుడే వద్దు.