1954 తీర్పు ఉండగా మా మనవరాలి బడి ఇలా ఎందుకుంది?

ప్రశ్న: లాయరుగారూ, మా అమ్మాయి వాళ్లు అమెరికాలో ఉంటారు. మనవరాలు వెళ్లే ప్రభుత్వ బడిలో దాదాపు అందరూ నల్లజాతి పిల్లలే. కారులో పది నిమిషాలు వెళ్తే పక్క స్కూల్ డిస్ట్రిక్ట్ (తన బడుల్ని విడిగా నడుపుకునే ప్రాంతం), అక్కడ అందరూ తెల్లపిల్లలే. జాతిని బట్టి బడులు వేరుగా ఉండకూడదని 1954లోనే తీర్పు వచ్చింది కదా. కేసు వేయొచ్చా?

జవాబు: మీరు రాసిన వివరాలు మాత్రమే పట్టుకుని ఫెడరల్ (కేంద్ర) కోర్టుకు వెళ్తే కేసు నిలబడడం కష్టం.

1954 మే 17న బ్రౌన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా కొట్టేసింది, ప్రభుత్వమే చట్టం పెట్టి పిల్లల్ని రంగును బట్టి వేరుచేయడాన్ని. అంతకుముందు ఈ వేర్పాటు ఆసియా పిల్లల్నీ వదల్లేదు. మిసిసిపీలో చైనా సంతతి బాలికను తెల్లవాళ్ల బడిలో చేర్చుకోకపోవడం సబబేనని 1927లో ఇదే సుప్రీంకోర్టు అంది.

మీ సమస్య వేరు. ఇక్కడ పిల్లల్ని విడదీస్తున్నది డిస్ట్రిక్ట్ సరిహద్దు. డెట్రాయిట్‌లో ఇదే పరిస్థితి ఉంటే, నగరాన్నీ 53 శివారు డిస్ట్రిక్టులనూ కలిపి పిల్లల్ని సర్దాలని కింది కోర్టులు చెప్పాయి. 1974లో సుప్రీంకోర్టు 5–4తో దాన్ని రద్దుచేసింది. శివారు డిస్ట్రిక్టుల తప్పు రుజువు కానిదే సరిహద్దు దాటలేమంది. ఒప్పుకోని నలుగురిలో తర్‌గూడ్ మార్షల్ ఒకరు. బ్రౌన్ కేసులో పిల్లల తరఫున వాదించిన వకీలు ఆయనే. ఇరవై ఏళ్లకు అదే కోర్టులో జడ్జిగా కూర్చుని, తాను గెలిచింది చేజారుతుంటే అసమ్మతి రాయాల్సి వచ్చింది. నా మట్టుకు న్యాయం ఆయన వైపే ఉంది. కానీ ఈరోజుకీ చెల్లుతున్నది ఆ అయిదుగురి మాటే.

అయినా రెండు దారులున్నాయి. బడిలో గానీ డిస్ట్రిక్టులో గానీ జాతిని చూసి పిల్లల్ని వేరే సెక్షన్లలో వేస్తున్నా, వేరుగా శిక్షిస్తున్నా 1964 పౌరహక్కుల చట్టం కింద ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి ఫిర్యాదు చేయొచ్చు. రుసుము లేదు, వకీలూ అక్కర్లేదు. మామూలుగా ఘటన జరిగిన 180 రోజుల్లోపు చేయాలి.

రెండోది రాష్ట్ర రాజ్యాంగం; అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం ఉంటుంది. కనెక్టికట్‌లో హార్ట్‌ఫర్డ్ పిల్లలు ఆ దారినే వెళ్లి 1996లో రాష్ట్ర సుప్రీంకోర్టులో గెలిచారు. ఆ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం, సరిహద్దుల వల్ల వేరుపడినా సరిదిద్దే బాధ్యత రాష్ట్రానిదేనని ఆ కోర్టు చెప్పింది. అన్ని రాష్ట్రాల రాజ్యాంగాల్లోనూ అలాంటి మాట లేదు. మీ అమ్మాయి ఉండేది ఏ రాష్ట్రమో రాయండి, అక్కడి సంగతి చూసి చెబుతాను.