ఏకాదశి నాడు ఏమీ తినకపోయినా రక్తంలో షుగర్ ఎందుకు పడిపోదు?

ఆరోగ్యవంతుల్లో పడిపోదు, ఎందుకంటే తిండి ఆగగానే కాలేయం గ్లూకోజ్‌ను రక్తంలోకి వదలడం మొదలుపెడుతుంది. భోజనం అరిగాక షుగర్‌ను తగ్గించే ఇన్సులిన్ హార్మోన్ తగ్గి, దాన్ని పెంచే గ్లూకగాన్ హార్మోన్ పెరుగుతుంది. ఆ సంకేతంతో కాలేయం తనలో దాచుకున్న సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్‌ను, అంటే గ్లూకోజ్ నిల్వను, కరిగిస్తుంది. అది తరిగేకొద్దీ లాక్టేట్, అమైనో ఆమ్లాలు, కొవ్వు నుంచి వచ్చే గ్లిసరాల్‌తో కొత్త గ్లూకోజ్ తయారుచేస్తుంది. కొవ్వును కీటోన్లుగా (గ్లూకోజ్‌కు బదులుగా పనికొచ్చే ఇంధనంగా) మార్చి మెదడుకు అందించేదీ కాలేయమే. ఇంత పని నిశ్శబ్దంగా జరిగిపోవడం నిజంగా అద్భుతం.

బెంగళూరు మల్లేశ్వరంలో ఒకావిడ రాత్రి 8కి చపాతీ తిని, మర్నాడు సాయంత్రం వరకు నీళ్లమీదే ఉన్నారనుకుందాం. తెల్లవారేదాకా ఎక్కువగా గ్లైకోజెన్ ఆదుకుంటుంది. మధ్యాహ్నానికి కొత్తగా తయారయ్యే గ్లూకోజ్ వాటా పెరుగుతుంది.

పరగడుపున షుగర్ ఎక్కువ వస్తే, రాత్రి తిన్నదే కారణమని చాలామంది టెన్షన్ పడతారు. అన్నిసార్లూ అదే కాదు. టైప్ 2 మధుమేహంలో ఇన్సులిన్ మాట కాలేయం సరిగా వినదు, అవసరం లేకున్నా గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది. అలాగని మందులు వాడేవారు ధీమాగా ఉపవాసం ఉండకూడదు: ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రల వల్ల రక్తంలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ముందు డాక్టర్‌ను అడగాలి.