గట్టిగా ఊపిరి పీల్చినా టెన్షన్ తగ్గకపోతే

టెన్షన్‌లో గట్టిగా ఊపిరి పీలుస్తుంటే తల తిరుగుతోందన్నారు. బహుశా పీల్చడం ఎక్కువై, వదలడం సరిగ్గా జరగట్లేదు. గబగబా లోతుగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. తల తేలిపోవడం, వేళ్లు తిమ్మిరెక్కడం దానివల్లే.

1. ముందు లోపలున్న ఊపిరంతా వదిలేయండి. చాలామంది దాటేసేది ఇదే. భుజాలు కిందికి జారాలి, పళ్లు బిగపట్టకూడదు.
2. ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ మామూలుగా పీల్చండి. రొమ్ము పొంగించక్కర్లేదు, పొట్ట కదిలితే చాలు.
3. 6 లెక్కపెట్టేదాకా మెల్లగా వదలండి. గుండె వేగం తగ్గేది ఊపిరి వదిలేటప్పుడే, అందుకే ఇది పొడుగ్గా ఉండాలి. 6 కష్టమైతే 5 చాలు, ఇదేం పోటీ కాదు.
4. ఇలా 5 నిమిషాలు. మళ్లీ తల తిరిగితే ఆపేయండి.

సాయంత్రం ఏ పనీ చేయబుద్ధి కావట్లేదన్నారు కదా, మూడ్ వచ్చేదాకా ఆగకండి. చెప్పులేసుకుని 10 నిమిషాలు నడిచి రండి, ఫోన్ ఇంట్లోనే పెట్టి.

దిగులు 2 వారాలు దాటినా పోకపోతే, నిద్ర, ఆకలి తగ్గితే డాక్టర్‌ని కలవండి. బతకాలనిపించకపోతే మాత్రం ఆ 2 వారాలు కూడా ఆగొద్దు.