కొత్త సంవత్సరంలో మొదలుపెట్టిన అలవాటు 21 రోజుల్లో స్థిరపడుతుందా?

చాలామందికి స్థిరపడదు, సగటున 66 రోజులు పడుతుందని, మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని లండన్‌లో జరిగిన ఒక పరిశోధన అంచనా. ఒకే సందర్భంలో ఒకే పని పదేపదే చేస్తుంటే, కొన్నాళ్లకు ఆ సందర్భం రాగానే చెయ్యి దానంతటదే అటు పోతుంది. ఆ ముడి పడటానికే టైం కావాలి. పొద్దున బ్రష్ కడిగి పక్కన పెట్టగానే గ్లాసుడు నీళ్లు తాగడం త్వరగానే అలవడుతుంది. అదే చోట 50 గుంజీలు తీయాలని పెట్టుకుంటే నెలలు పట్టొచ్చు.

21 లెక్క 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసింది: మారిన ముఖానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం అన్ని రోజులు పట్టేదట. ప్రచారంలో ఆ ‘కనీసం’ కాస్తా ఎగిరిపోయింది! ఒక్కరోజు తప్పితే మళ్లీ మొదటికొచ్చినట్టేనని జనవరిలోనే వదిలేస్తుంటారు, అదీ అపోహే. మర్నాడు కొనసాగిస్తే పెద్దగా తేడా పడదు.